గేటు పక్క నల్లబల్ల

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



విద్యాలయానికి, కళకు గల సంబంధాన్ని గురించి మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘం వారు నన్ను కోరారు. నేను మొదట ఒప్పుకోలేదు. నాకు చిత్రలేఖనంలో పట్టా లేదు, గురువు లేరు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజుల్లో నల్లబల్ల మీద స్పష్టంగా వ్రాయడం, పాఠానికి కావలసిన బొమ్మ వేయడం మాకు తప్పనిసరి అభ్యాసంగా ఉండేది. గుండె, పువ్వు భాగాలు, భారతదేశ పటం, అశోకుని స్తంభం: నా విద్య అంతవరకే. అయితే ఈ ఊళ్లో కొందరు 2020వ సంవత్సరపు నల్లబల్ల సంగతి నన్ను ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. ఆ కథలో చేర్పులు కూడా చాలా జరిగాయి. కనుక కళను గురించిన ఉపన్యాసం కాక, జరిగినది జరిగినట్లు చెప్పడానికి ఒప్పుకున్నాను. అందులో నా పొరపాట్లు కూడా ఉన్నవి.

ముందుగా ఒక పాత తప్పు చెప్పాలి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్ల వరకు ఉన్నది. ఆ రాత్రిని ఈ సభలో చాలామంది అనుభవించినవారే కనుక వర్ణించనక్కర లేదు. బడులు తిరిగి తెరిచిన తరువాత, అప్పుడు సహోపాధ్యాయినిగా ఉన్న నేను ఏడవ తరగతి పిల్లలను "తుఫాను" అనే శీర్షికతో వ్యాసం వ్రాయమన్నాను. చాలామంది నాలుగు వాక్యాలు వ్రాసి ఆగిపోయారు. ఒక అమ్మాయి ఒక్క అక్షరం కూడా వ్రాయలేదు. కాగితం నిండా కూకటివేళ్లతో పెకలించుకుపోయిన చింతచెట్టు, దాని వేళ్ల మధ్య ఒక సత్తుబిందె వేసింది. నేను ఆ కాగితం మీద ఎర్రసిరాతో "ఇది వ్యాసం కాదు" అని వ్రాసి తిరిగి ఇచ్చాను. ఆ చెట్టు వాళ్ల ఇంటి మీద పడిందని, ఆ బిందె వాళ్లకు మిగిలిన సామానులో ఒకటని తరువాత తెలిసింది. ఆ పిల్ల ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్న తీరు నేను మరచిపోలేదు.

ఏడేళ్లు గడిచాయి. 2020 మార్చి నెల మధ్యలో మన రాష్ట్ర ప్రభుత్వం బడులను మూసివేసింది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. నా ఇల్లు బడికి రెండు వీధుల దూరం. మధ్యాహ్న భోజనానికి బదులుగా పిల్లల తల్లిదండ్రులకు బియ్యం పంచవలసి వచ్చినందున ఏప్రిల్ నెలలో నేను బడికి వెళ్లిరావలసి ఉండేది.

మన గేటు పక్కన, వీధి వైపు గోడకు, నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు గల నల్లబల్ల ఉన్నదని మీకు తెలుసు. దాని మీద ప్రకటనలు, పైన ఒక సూక్తి వ్రాయడం మన ఆనవాయితీ. నేను వెళ్లేసరికి దాని మీద మార్చి నెలలో వ్రాసిన వార్షిక పరీక్షల కాలపట్టిక అలాగే ఉంది. జరగని పరీక్షలు. సోమవారం తెలుగు, మంగళవారం గణితం. వీధిలో మనిషి లేడు. బడి ఒక తేదీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలిచిపోయినట్లు అనిపించింది. తడిగుడ్డ తెప్పించి ఆ పట్టికను తుడిచివేశాను. నా కళాకృషి అనేది ఏదైనా ఉంటే అది ఆ తుడవడంతో మొదలయింది.

తుడిచిన బల్లను ఖాళీగా వదలడం ఇష్టం లేక రంగు సుద్దలతో ఒక సూర్యోదయం, దాని ముందు విచ్చుకున్న తామరపువ్వు వేశాను. క్రింద పెద్ద అక్షరాలతో "ధైర్యమే మన ఔషధం" అని వ్రాశాను. వ్రాసి, రెండడుగులు వెనుకకు వేసి చూసుకుని, సంతోషించాను కూడా.

మరునాడు బియ్యం కోసం వచ్చినవారు సున్నంతో గీసిన వలయాల్లో దూరదూరంగా నిలబడ్డారు. అయిదవ తరగతి పిల్లవాడి తల్లి ఒకామె బల్లకేసి చాలాసేపు చూసింది. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసుకునేది. రోగభయంతో నాలుగిళ్లవారూ రావద్దన్నారు. తన వంతు వచ్చినప్పుడు నెమ్మదిగానే అన్నది: "పువ్వు బాగుందండి టీచరమ్మగారూ. కింద రాసింది మా ఆడపిల్ల చదివి చెప్పింది. ధైర్యం నేక కాదండి మేం ఇలాగున్నది, పని నేక."

నేను నొచ్చుకున్నాను. మేలు చేయబోతే ఇదేమి మాట అనుకున్నాను. ఇంటికి వెళ్లిన తరువాత, నెలజీతం తప్పకుండా అందే నేను, జీతం లేని మనిషికి ధైర్యం చెప్పానన్న సంగతి తెలిసివచ్చింది. కష్టకాలంలో ఇతరులకు ఊరట కలిగించాలని బయలుదేరేవారు మొదట చేసే పొరపాటు ఇదేనని ఇప్పుడు నా అభిప్రాయం. ఎదుటివారికి ఏది కొరవడిందో మనమే నిర్ణయించి, దానిని పై నుండి అందించబోతాము. ఆ మాట వ్రాసిన చేతితోనే ఏడేళ్ల క్రితం ఒక పిల్ల బొమ్మ మీద ఎర్రసిరా పెట్టానని కూడా ఆ రాత్రే గుర్తుకు వచ్చింది.

తెల్లవారి సూర్యుణ్ణీ, తామరనూ, సూక్తినీ తుడిచివేశాను. ఏమి వేయాలో తోచలేదు. మన బడి చుట్టూ పట్టు నేసే కుటుంబాలు ఉన్నాయి. బరంపురం పట్టుకు పేరు తెచ్చినవారు వారే. పెళ్లిళ్లు ఆగిపోయి చీరలు అమ్ముడుపోక, పట్టునూలు రాక, మగ్గాల చప్పుడు ఆగి రెండు వారాలయింది. అందుచేత నాడె వేశాను. రెండు కొనలూ సన్నగా ఉన్న నాడె, లోపల కండె, ఒక కొన నుండి బయటికి వస్తున్న ఎర్రని దారం. క్రింద "నాడె" అనే మాట మాత్రం వ్రాశాను. మరొక అక్షరం వ్రాయలేదు.

పది గంటలకు వీధి చివరి ఇంటి వృద్ధుడొకాయన ముక్కుకు కండువా చుట్టుకుని వచ్చి బల్ల ఎదుట నిలబడ్డారు. డెబ్బై అయిదేళ్లు దాటినవారు. "ఏమండీ బాబాయిగారూ, బాగున్నదా?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఆడించారు. "దారం కొసలోంచి వస్తే నేత సాగినట్టేనమ్మా! పక్కన కన్నుంటాది. అందులోంచి రావాలి" అన్నారు. సుద్ద గేటు మీద పెట్టి దూరంగా జరిగాను. ఆయన ఆ సుద్ద తీసుకుని, నా దారాన్ని బొటనవ్రేలితో తుడిచి, నాడె ప్రక్కభాగంలో చిన్న కన్ను పెట్టి, అక్కడి నుండి దారం లాగారు. అంతటితో ఆగక, పడుగు పోగులు నిలువుగా గీసి, ఆ దారాన్ని వాటి మధ్యకు నడిపించారు. అరగంట పట్టింది. అవతలి అరుగుల మీది నుండి నలుగురైదుగురు చూస్తున్నారు. ఒకరు "ఆ పోగు తప్పింది" అన్నారు. ఆయన "నీకు తెలుసునా, నాకు తెలుసునా?" అని కసిరారు. రెండు వారాల తరువాత ఆ వీధిలో మనుషులు రోగం కాక మరొక విషయం మాట్లాడుకోవడం అదే మొదటిసారి విన్నాను.

నా బొమ్మలో తప్పు ఉండడమే ఆ రోజు చేసిన మేలు. తప్పు లేకుండా వేసి ఉంటే ఆయన చూసి వెళ్లిపోయేవారు.

ఆనాటి నుండి కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకున్నాను. రోజుకొక బొమ్మ. ఉదయం ఏడు గంటలలోపల పూర్తి కావాలి, ఎందుకంటే ఆ తరువాత మనుషులు గుమికూడితే ప్రమాదం. మన ఇళ్లలో, మన వీధుల్లో ఉన్న వస్తువునే వేయాలి. క్రింద దాని పేరు తప్ప నీతులు వ్రాయరాదు. మరునాడు దానిని తుడిచివేయాలి. ఈ చివరి నియమం నాకు కష్టంగానే తోచేది. కాని తుడవడం వలననే "ఈవేళ ఏం వేశారో" అని చూడడానికి ఒక కారణం ఉండేది.

చేతిపని సంగతి కొంచెం చెబుతాను. ఇది ఉపాధ్యాయులకు ఉపయోగపడవచ్చు. పొడిసుద్దతో వేసిన రంగు ఎండకు వెలవెలబోతుంది, చేయి తగిలితే రాలుతుంది. పంచదార కలిపిన నీళ్లలో రంగు సుద్దలను పది నిమిషాలు నాననిచ్చి, తడిగా ఉండగానే గీస్తే, ఆరిన తరువాత రంగు నిండుగా కనబడుతుంది, గాలికి రాలదు. తుడిచేటప్పుడు మాత్రం నీళ్లు పోసి రుద్దవలసిందే. ఎక్కువసేపు నానితే సుద్ద విరిగి ముద్దవుతుంది. మే నెల వచ్చేసరికి నీలం, ఆకుపచ్చ సుద్దలు అయిపోయాయి. దుకాణాలు లేవు. చాకలినీలి, పసుపు, ఇటుకపొడి, పొయ్యిలోని బొగ్గు వాడుకున్నాను. ఇటుక రంగు సుద్ద ఎరుపుకంటె అందంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. కుండలకు, పెంకుటిళ్లకు, మామిడిపళ్ల బుగ్గలకు అది సరిగ్గా సరిపోయేది.

ఏమేమి వేశానంటారా? కవ్వం, తిరగలి, జల్లెడ, పీట. మొగలిపువ్వు వేసిన రోజున, రెండు వీధుల అవతలి నుండి ఒకాయన వచ్చి దాని ముండ్లు ఆకు అంచున ఏ వైపుకు తిరిగి ఉంటాయో చెప్పిపోయాడు. గంజాం జిల్లాలో ఉండి మొగలి ముల్లు తప్పు వేయడం నాకే సిగ్గనిపించింది. ఠాకురాణీ యాత్రలో పులివేషం వేసిన రోజున పిల్లలు మిద్దెల మీది నుండి డప్పు దరువు నోటితో వాయించారు. ఆ మార్చి నెలలో ఋషికుల్య నదీముఖం దగ్గర ఇసుకలో సముద్రపు తాబేళ్లు ఎప్పటిలాగే గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టాయి. చూడబోయే జనం లేరు, అంతే తేడా. తాబేలు బొమ్మ వేసిన రోజున గోపాలపురం వైపు మత్స్యకార కుటుంబానికి చెందిన మన పిల్లవాడి తండ్రి బియ్యానికి వచ్చి, తెప్ప ఎలా ఉంటుందో నాకు నోటితో వర్ణించి, "రేపు తెప్ప వెయ్యండి, మల్లీ వచ్చి చూస్తాను" అని సైకిలు ఎక్కాడు. అంత దూరం నుండి అతడు మరునాడు నిజంగా వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. తెప్ప దుంగలను కట్టే త్రాడు ముడి నేను తప్పు వేశానని చెప్పి, సరిచేసి వెళ్లాడు.

ఎదురింటి ఒడియా గృహిణి ఒకనాడు గేటు దాకా వచ్చి, "బొమ్మ తెలుస్తున్నది, పేరు తెలియడం లేదు" అని ఒడియాలో అన్నది. మరునాటి నుండి తెలుగు మాట క్రింద ఒడియాలో కూడా పేరు వ్రాశాను. 1936లో గంజాం ఒడిశాలో చేరిన నాటి నుండి ఈ ఊళ్లో తెలుగు బడి అంటే కొందరికి పరాయి సంస్థ. ఈ బల్ల ముందు ఆ భేదం పోయిందని చెప్పను. ఆమె మాత్రం మన గేటు దగ్గర అంతకుముందు ఇరవై ఏళ్లలో ఎన్నడూ ఆగలేదు.

ఇటువంటి పని మనమే మొదట చేశామని గర్వించవలసినది లేదు. మిథిలా ప్రాంతపు చిత్రాల సంగతి మీలో చాలామంది విని ఉంటారు. అక్కడి స్త్రీలు పెళ్లిళ్లకు, పండుగలకు తమ మట్టిగోడల మీద తరతరాలుగా బొమ్మలు వేసుకునేవారు. 1934లో బీహారు భూకంపంలో ఆ గోడలు కూలినప్పుడు, నష్టాన్ని చూడబోయిన ఆర్చర్ అనే ఆంగ్లేయ అధికారి కంట ఆ బొమ్మలు పడ్డాయి. తరువాత 1966–67లో అక్కడ తీవ్రమైన కరవు వచ్చింది. హస్తకళల సంస్థ తరఫున పుపుల్ జయకర్ గారు భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుణ్ణి అక్కడికి పంపించారు. ఆయన ఆ స్త్రీలకు కాగితాలు ఇచ్చి, గోడ మీద వేసే బొమ్మనే కాగితం మీద వేయమన్నారు. ఆ కాగితాలు అమ్ముడుపోయి వారి ఇళ్లలో పొయ్యి వెలిగింది. జగదంబాదేవి, సీతాదేవి, గంగాదేవి వంటివారి పేర్లు ఆ విధంగానే లోకానికి తెలిశాయి. మన నల్లబల్ల ఎవరికీ ఒక్క రూపాయి సంపాదించి పెట్టలేదు. ఈ తేడా నేను మరవరాదు, మీరూ మరవరాదు.

ఉపాధ్యాయినిగా నన్ను ఎక్కువగా కదిలించినది మరొకరి చరిత్ర. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే ఆమె 1898లో వియన్నాలో జన్మించిన యూదు చిత్రకారిణి. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను టెరెజిన్ అనే నిర్బంధ పట్టణానికి తరలించారు. వెంట తెచ్చుకోగలిగిన కొద్ది సామానులోనే ఆమె చిత్రలేఖన సామగ్రి తెచ్చుకున్నది. అక్కడ తల్లిదండ్రులకు దూరమై వసతి గదుల్లో ఉన్న పిల్లలకు దాదాపు రెండేళ్లు బొమ్మలు నేర్పింది. పారవేసిన దస్తావేజుల వెనుక వైపున, చుట్టుకాగితాల మీద వాళ్లు వేసేవారు. ప్రతి పిల్లా తన బొమ్మ మీద తన పేరు వ్రాసుకోవాలని ఆమె పట్టుబట్టేది. పేర్లకు బదులు అంకెలతో మనుషులను పిలిచే కాలంలో ఆ పట్టుదలకు అర్థమేమిటో విడమరచి చెప్పనక్కర లేదు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌కు తీసుకుపోయి చంపారు. పిల్లలలో కూడా అత్యధికులు తిరిగి రాలేదు. ఆమె భద్రపరచి వెళ్లిన దాదాపు 4,500 బొమ్మలు రెండు పెట్టెలలో మిగిలాయి. ఇప్పుడవి ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఘోరానికీ మన కష్టానికీ పోలిక తేవడం నా ఉద్దేశం కాదు. ఒక్కటి మాత్రం ఆమె వలన తెలుసుకున్నాను. ఆమె పిల్లలకు నవ్వు ముఖాలు వేయించలేదు. పువ్వు కనబడితే పువ్వు, మంచం కనబడితే మంచం, చూసినదానిని శ్రద్ధగా చూడమన్నది.

మళ్లీ మన వీధికి వస్తాను. మే నెలలో సూరతు నుండి రైళ్లు రావడం మొదలయింది. మరమగ్గాల మీద పనిచేయడానికి ఈ జిల్లా నుండి అక్కడికి పోయినవారు వేలకువేలు తిరిగివచ్చారు. మన బడిలోని నాలుగు గదులు క్వారంటైన్ కేంద్రం అయ్యాయి. లోపల మగవాళ్లు, గేటు బయట వాళ్ల భార్యాబిడ్డలు. బల్ల వీధి వైపు ఉంది కనుక లోపలివారికి దాని వెనుక గోడ మాత్రమే కనబడేది. ఒకనాటి ఉదయం నేను వేస్తూ ఉండగా, లోపలి నుండి ఒక గొంతు, "టీచరుగారూ, బయటోళ్లకేనా? మాకు కనబడదు గదా!" అన్నది. తలెత్తి చూస్తే మన పూర్వ విద్యార్థి. ఎనిమిదవ తరగతిలో తప్పి, బడి మానివేసి సూరతు పోయినవాడు. ఇంటికి పోయి వాడి తండ్రితో మాట్లాడి ఆపవలసినదానిని, ఆనాడు నేను ఆపలేదు.

రెండవ తరగతి గది నుండి మూడుకాళ్ల బల్లను తెప్పించి వసారా ఎదుట పెట్టించాను. దానికి దగ్గరగా నేను పోకూడదు కనుక సుద్దపెట్టె అతనికే పంపించాను. "నాకు బొమ్మలు రావండి" అన్నాడు. రెండు రోజులు బల్ల ఖాళీగా ఉంది. మూడవనాడు దాని మీద గీతలు వచ్చాయి. మొదట నాకు అర్థం కాలేదు. ఒక చిన్న గది, అందులో నేల మీద పొడుగ్గా పడుకున్న ఆకారాలు, లెక్కపెడితే పన్నెండు. ఆరుగురు పడుకుంటే ఆరుగురు పనికి పోయే గది అని, ఇప్పుడు పన్నెండుగురూ ఒకేసారి ఉండవలసి వచ్చిందని, అందుకే ఒకరి కాళ్ల మీద ఒకరు పడుకున్నారని అతడు తరువాత చెప్పాడు. గేటు బయట నిలబడి అతని భార్య ఆ బొమ్మను చూసింది. పన్నెండేళ్లుగా మగడు ఉంటున్న గదిని ఆమె చూడడం అదే మొదలు. "ఇందులో నువ్వేది?" అని అడిగింది. అతడు మూల ఉన్న ఆకారాన్ని చూపించాడు.

ఆ బొమ్మ క్రింద ఏ మాట వ్రాయాలని నన్నడిగాడు. "నీ ఇష్టం" అన్నాను. "గది" అని వ్రాశాడు. గుండ్రని అక్షరాలు. మా రెండవ తరగతి కాపీపుస్తకాల అక్షరాలే.

అందరూ మెచ్చుకున్నారనుకోకండి. మా ఉపాధ్యాయులలో ఒకరు నాతో ముఖాముఖిగానే అన్నారు: "అమ్మా, మన పిల్లలలో ఫోను ఉన్నవారు మూడవ వంతు కూడా లేరు. పాఠాలు పోతున్నాయి. మీరు కవ్వం, తిరగలి వేస్తున్నారు." ఆ మాటలో న్యాయం ఉన్నది. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆయన చెప్పిన తరువాత బల్లలో ఒక వైపు మూడడుగుల మేర పాఠానికి కేటాయించి, మిగిలిన భాగమే బొమ్మకు ఉంచాను. ఎక్కాలు, పొడుపు లెక్కలు ఆయనే వచ్చి వ్రాసేవారు. అయినా నష్టం నష్టమే. ఆ రెండేళ్లలో బడి మానినవారిలో కొందరిని తిరిగి తీసుకురాలేకపోయాము. రోజూ బల్ల ముందు నిలబడి చూసిన ఒక పిల్లవాడు తండ్రితో కూడా సూరతుకు పోయాడు. బొమ్మ చూసినంత మాత్రాన ఎవరూ ఆగరు.

2020 జూన్, జూలై నెలల్లో ఒడిశాలో వ్యాధి అత్యధికంగా ఉన్నది మన గంజాం జిల్లాలోనే. మన వీధుల్లో మరణాలు సంభవించాయి. జూలైలో ఆరవ తరగతి అమ్మాయి నాయనమ్మ కాలం చేసింది. ఎండుచేపలు అమ్ముకుని ముగ్గురు బిడ్డలను పెంచిన మనిషి. ఆఖరి చూపు ఎవరికీ దక్కలేదు, కర్మకాండకు బంధువులు రాలేదు. నాలుగవ రోజున ఆ అమ్మాయి తల్లి గేటు దగ్గరికి వచ్చి, "మా అత్తగారి గంప ఏస్తారా, టీచరమ్మగారూ?" అని అడిగింది. మనిషి బొమ్మ వేయమనలేదు. గంప.

ఆ గంపను నేను ఎరుగుదును. తాటాకుతో అల్లినది, అంచు విరిగితే గుడ్డపీలిక చుట్టి కుట్టినది. తలకు ఆనించుకునే చుట్టకుదురు ప్రక్కనే వేశాను. లోపల చేపలు వేయలేదు. పేరు వ్రాయబోయి ఆగిపోయాను. గంప అని వ్రాస్తే చాలదు, ఆమె పేరు వ్రాస్తే వీధిలో పెట్టినట్లవుతుంది. మొదటిసారిగా ఏ మాటా లేకుండా వదిలాను. ఆ ఉదయం ఆ దారిన పోయినవారు ఎవరి పాటికి వారు కొంచెం ఆగి వెళ్లారు. ఒకామె, "నాకు రెండు రూపాయిలు తక్కువైనా ఇచ్చేసేది" అన్నది. చావింటికి పోలేని జనానికి పరామర్శించే చోటు అదే అయింది.

మరునాడు తుడవవలసిన నియమాన్ని నేనే తప్పాను. మూడు రోజులు ఉంచాను. నాలుగవనాడు ఆ పిల్ల తడిగుడ్డతో వచ్చి, "నేను తుడుస్తానండి" అన్నది. పంచదార నీళ్ల సుద్ద అంత తొందరగా పోదు. చాలాసేపు రుద్దింది. అంచు దగ్గరి గుడ్డపీలికను చిట్టచివర తుడిచింది. ఆ తరువాత నా చేతిలోని సుద్ద తీసుకుని తెప్ప వేసింది. ముడి సరిగ్గానే వేసింది.

ఆగస్టులో నాకే జ్వరం వచ్చి 17 రోజులు ఇల్లు కదలలేదు. బల్ల ఖాళీగా ఉంటుందనుకున్నాను. తిరిగి వెళ్లేసరికి దాని మీద చుక్కల ముగ్గు ఉంది. మన కాపలాదారు భార్య, చదువు రాని మనిషి, రోజుకొక ముగ్గు వేసిందట. "బోసిగా ఉంటే బాగోదని ఏసానమ్మా" అన్నది. అప్పటి నుండి రోజు విడిచి రోజు ఆమె వంతు. దసరా నాటికి వంతులు అడిగేవారు తొమ్మిదిమంది అయ్యారు. నాకు వారానికి ఒక్క రోజు మిగిలింది. ఉన్నమాట చెబుతున్నాను, కొంచెం అసూయ కూడా కలిగింది.

2021 జనవరి 8న పదవ తరగతి పిల్లలు బడికి వచ్చారు. క్రమంగా బల్ల మీదికి ప్రకటనలు తిరిగి వచ్చాయి. వేసిన బొమ్మలలో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఫొటోలు తీయాలన్న ఆలోచన నాకు రాలేదు. అయితే ఎదురు మిద్దె మీది నుండి ఒక ఏడవ తరగతి పిల్లవాడు రోజూ రెండువందల పేజీల నోటుపుస్తకంలో ఆ బొమ్మలను పెన్సిలుతో ఎక్కించుకున్నాడు. 112 బొమ్మలు ఉన్నాయి. తేదీలు కూడా వేశాడు. గంప ఉన్న మూడు రోజులకూ మూడు పేజీల్లో మూడుసార్లు వేశాడు. ఆ పుస్తకం ఈ రోజు ప్రదర్శన గదిలో ఉంది. దయచేసి పేజీలు నెమ్మదిగా త్రిప్పండి, కుట్టు ఊడిపోతున్నది.

పూర్వ విద్యార్థులు కొందరు, తమ ఊళ్లలో వరదలు వచ్చినప్పుడు, మిల్లులు మూతపడినప్పుడు ఇటువంటిది చేయాలని ఉన్నదని నన్ను అడిగారు. నాకు తెలిసినది కొంచెమే. ముందు ఆకలి సంగతి చూడండి. బియ్యం పంచే చోటనే బల్ల ఉండడం వలన ఇది సాగింది కాని, బల్ల కోసం ఎవరూ రాలేదు. డబ్బు ఖర్చయ్యే పని పెట్టుకోకండి, రెండవ వారానికే ఆగిపోతుంది. మీ చేతికి వచ్చినదే చేయండి; పాట వస్తే పాట, కుట్టు వస్తే కుట్టు. వేళ మార్చకండి. మీరు రాని రోజున మరొకరు అందుకోగలిగేటంత తేలికగా ఉండనివ్వండి. నావలె సూక్తులతో మొదలుపెట్టాలనిపిస్తే మొదలుపెట్టండి, ఎవరో ఒకరు వచ్చి తుడిపిస్తారు. సంతాపంలో ఉన్నవారు అడగనిదే వారి దుఃఖాన్ని బొమ్మగా వేయకండి. ఆ తల్లి అడగకపోతే ఆ గంపను వేసే హక్కు నాకు లేదు.

2013లో చింతచెట్టు వేసిన అమ్మాయి ఈ సభకు వచ్చింది. మూడవ వరుసలో ఉన్నది. పోయిన నెల ఆమెకు ఉత్తరం వ్రాసి ఆ కాగితం సంగతి అడిగాను. పారవేశానని జవాబు వ్రాసింది. అది న్యాయమే.

ఈ ఉదయం అలంకరణ చేసే కుర్రవాళ్లు గేటు దగ్గర నన్ను ఆపారు. నల్లబల్ల మీద రాత్రి ఎవరో చేపను వేసి వెళ్లారు. తోక పెద్దది, మొప్పలు లేవు, కన్ను నుదుట ఉంది. అతిథులు వచ్చేలోపల తుడిచి "సుస్వాగతం" వ్రాయమంటారా అని అడిగారు. స్వాగతం ప్రక్క గోడకు కట్టమన్నాను. సుద్దపెట్టె కాపలాదారు దగ్గర ఉంది. భోజనాల తరువాత మీలో ఎవరైనా ఆ మొప్పలు సరిచేయవచ్చు.